పాత స్పోర్ట్స్ కారులో అరిగిన ఇంజన్ మౌంట్లు మార్చే పద్ధతి

ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా గేర్ లివర్ వణుకుతున్నా, క్లచ్ వదలగానే బానెట్ కింద ‘దబ్’మని చప్పుడు వినిపిస్తున్నా చాలామంది కార్బురేటర్‌ను, క్లచ్‌ను అనుమానిస్తారు. పాత కారులో అంతకంటే ముందు చూడవలసినవి ఇంజన్ మౌంట్లు. రెండు ఉక్కు పలకల మధ్య అతికించిన ఈ రబ్బరు దిమ్మలు ఇంజన్ బరువును మోస్తూ దాని కంపనం బాడీకి చేరకుండా అడ్డుకుంటాయి. ఏళ్ల తరబడి వేడి తగిలి, కారిన ఆయిల్ పీల్చుకుని రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, చివరకు పలక నుంచి ఊడిపోతుంది. 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తొలి మోడళ్లలో వలె ఫ్యాన్ వాటర్ పంపుకే బిగించి ఉంటే ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే ఇంజన్ కదిలితే ఫ్యాన్ రెక్కలు కూడా దానితోపాటే రేడియేటర్ వైపు కదులుతాయి.

ఇంజన్ ఆపి, అది చల్లబడ్డాక మౌంటు పక్కన ఒక పొడవాటి ఇనుప కడ్డీ పెట్టి ఇంజన్‌ను మెల్లగా ఎత్తి చూడాలి. రబ్బరు, ఉక్కు కలిసే గీత వెంట సన్నని నల్లటి చీలిక తెరుచుకుంటే ఆ మౌంటు పని అయిపోయినట్లే. ఒకటి పాడైతే రెండూ మార్చడం మంచిది. గేర్‌బాక్స్ కింది మౌంటును కూడా అప్పుడే పరీక్షించాలి.

తుప్పు పట్టిన నట్లకు ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ పట్టించి ఉంచితే సగం శ్రమ తగ్గుతుంది. బ్యాటరీ ఎర్త్ తీగ (బాడీకి కలిసే తీగ) విప్పి, సమతలమైన నేల మీద కారును యాక్సిల్ స్టాండ్లపై నిలపాలి. ఇంజన్ పైకి లేచినప్పుడు ఏమేమి లాగబడతాయో ఒక్కొక్కటిగా చూసుకోవాలి: కూలెంట్ దించి రేడియేటర్ పై హోస్‌ను, ఆ తర్వాత యాక్సిలరేటర్, చోక్ కేబుళ్లను, గేర్‌బాక్స్‌కు సైలెన్సర్ పైపును పట్టి ఉంచే క్లాంపును విప్పాలి. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత ఇంజన్ వెనుక గోడకు దగ్గరగా ఉంటే అది కూడా తీయాలి. రేడియేటర్‌కు, ఫ్యాన్‌కు మధ్య ఒక పలుచని ప్లైవుడ్ ముక్క నిలబెడితే రేడియేటర్‌కు రక్షణగా ఉంటుంది.

సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) సాధారణంగా పలుచని రేకు కాబట్టి దాని కింద వెడల్పాటి చెక్క పలక పెట్టి, దానిపైనే జాకీ భారం పడేలా చూడాలి. సంప్ అల్యూమినియంతో పోతపోసినదైతే పగిలే అవకాశముంది, దాన్ని ఎత్తకుండా పైనుంచి హాయిస్టుతో ఇంజన్‌ను పట్టుకోవడమే నయం. ముందుగా రబ్బరు మీది భారం తొలగేంత మాత్రమే ఎత్తి, రెండు వైపులా నట్లు వదులు చేసి, ఒక వైపు మౌంటు పూర్తిగా మార్చిన తర్వాతే రెండో వైపు ముట్టుకోవాలి. ఎత్తి ఉన్న ఇంజన్‌కు, బ్రాకెట్‌కు మధ్య వేళ్లు పెట్టకూడదు. కుడి, ఎడమ మౌంట్లు, వాటి కింది వాషర్లు ఒకేలా ఉండకపోవచ్చు కనుక విప్పే ముందే ఫోటో తీసుకోవాలి.

కొత్తదే అయినా ఏళ్లుగా నిల్వ ఉన్న రబ్బరు గట్టిపడి ఉంటుంది, గోటితో నొక్కి చూసి అంచుల్లో పగుళ్లుంటే వాడవద్దు. పాలీయురేథేన్ మౌంట్లు రబ్బరు కంటే గట్టివి, రోడ్డు మీద నడిపే కారులో కంపనమంతా సీటు దాకా తెస్తాయి కాబట్టి నేను అసలు రకం రబ్బరునే ఎంచుకుంటాను.

అన్నిటికంటే ముఖ్యమైనది బిగింపు క్రమం. బోల్టులన్నీ చేత్తో తిప్పి వదులుగా ఉంచి, జాకీ పూర్తిగా దించి, ఇంజన్‌ను చేత్తో అటూ ఇటూ ఊపి దాని బరువుతో అదే సర్దుకోనివ్వాలి. అప్పుడే వర్క్‌షాప్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. ఇంజన్ గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిక పడి ఉండిపోతుంది, కొత్త మౌంటు త్వరగా చిరిగేది అక్కడే.

ఇంజన్‌ను బాడీకి కలిపే మందపాటి తీగ అయిన ఎర్త్ స్ట్రాప్‌ను పని మధ్యలో విప్పి ఉంటే, మరవకుండా శుభ్రం చేసి తిరిగి బిగించాలి. రబ్బరు గుండా కరెంటు పోదు గనుక స్ట్రాప్ లేకపోతే స్టార్టర్ లాగే కరెంటంతా చోక్, యాక్సిలరేటర్ కేబుళ్ల గుండా దారి వెతుక్కుంటుంది, అవి కాలిపోతాయి. కూలెంట్ నింపి, ఫ్యాన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి రెక్కలు దేనికీ తగలడం లేదని చూసుకున్నాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి. సుమారు 100 కిలోమీటర్లు నడిపిన తర్వాత నట్ల బిగువును, ఫ్యాన్ ముందున్న ఖాళీని మరోసారి చూడాలి.