బ్రిటన్‌లో డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ పార్ట్ 2 టెస్ట్: దరఖాస్తు, సన్నద్ధత

బ్రిటన్‌లో డబ్బు తీసుకుని కారు నేర్పాలంటే డీవీఎస్ఏ (డ్రైవింగ్ పరీక్షలు నిర్వహించే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్‌లో మన పేరు ఉండాలి. అందుకు మూడు పరీక్షలు పాసవ్వాలి. పార్ట్ 1 థియరీ, పార్ట్ 2 మన డ్రైవింగ్, పార్ట్ 3 మనం నేర్పే తీరు. మనవాళ్లలో చాలామంది థియరీకి రాత్రింబవళ్లు చదువుతారు. పార్ట్ 2 దగ్గరికి వచ్చేసరికి "ఇన్నేళ్లుగా నడుపుతున్నాం కదా" అని తేలిగ్గా తీసుకుంటారు. ఆ ధీమాతో మాత్రం వెళ్లకండి. ఏళ్ల తరబడి చేతికి అలవాటైపోయిన చిన్న చిన్న పొరపాట్లే ఈ పరీక్షలో దెబ్బతీస్తాయి.

ముందు అర్హతల సంగతి. వయసు 21 నిండాలి, ఫుల్ లైసెన్స్ వచ్చి కనీసం మూడేళ్లు అయి ఉండాలి, డీబీఎస్ చెక్ (నేరచరిత్ర తనిఖీ) పూర్తవ్వాలి. ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ స్థిరపడ్డ తర్వాత ఏడాది వరకే నడపొచ్చు. దాన్ని బ్రిటన్ లైసెన్స్‌గా మార్చి ఇవ్వరు, ఇక్కడి టెస్ట్ పాసవ్వాల్సిందే.

పార్ట్ 1 పాసయ్యాక పార్ట్ 2ని గవ్.యూకే వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవాలి. లైసెన్స్ నంబర్, పార్ట్ 1 పాసైన సర్టిఫికెట్ నంబర్, బ్యాంకు కార్డు దగ్గర పెట్టుకోండి. ఫీజు 111 పౌండ్లు. అవకాశాలు మూడే. మూడోసారి కూడా తప్పితే పార్ట్ 1 మళ్లీ మొదటినుంచి రాయాలి, అదీ మొదటిసారి పాసైన తేదీ నుంచి రెండేళ్లు గడిచాకే. అందుకే ఖాళీ స్లాట్ దొరికింది కదా అని తొందరపడి బుక్ చేయొద్దని గట్టిగా చెబుతాను.

టెస్ట్ రోజు ఫొటోకార్డ్ లైసెన్స్ తీసుకెళ్లాలి. సొంత కారు పనికొస్తుంది. కాకపోతే ఎగ్జామినర్ కోసం లోపల ఇంకో అద్దం బిగించాలి, డ్యాష్‌బోర్డ్ మీద వార్నింగ్ లైట్ ఏదీ వెలగకూడదు, టైర్లు బాగుండాలి.

పరీక్ష దాదాపు గంట. మొదట కంటిచూపు: 26.5 మీటర్ల దూరంలోని కొత్త రకం నంబర్ ప్లేట్ చదవాలి. మామూలు లెర్నర్లకు 20 మీటర్లే. చదవలేకపోతే ఫెయిలే, కాబట్టి కళ్లద్దాలు మార్చాల్సి ఉంటే ముందే మార్పించుకోండి. తర్వాత కారు భద్రత మీద ఐదు ప్రశ్నలు, మూడు బయల్దేరే ముందు, రెండు నడుపుతుండగా. పార్కింగ్, రివర్స్ విన్యాసాల్లో రెండు చేయిస్తారు. ఇరవై నిమిషాలపాటు సాట్‌నావ్ (దారి చూపే పరికరం) లేదా సైన్‌బోర్డులు చూసుకుంటూ మనంతట మనమే నడపాలి. అక్కడ దారి తప్పితే టెన్షన్ పడకండి, దారి తప్పడం తప్పుగా లెక్కించరు. కంగారులో చివరి క్షణంలో లేన్ మారితే మాత్రం లెక్కిస్తారు.

అసలు కష్టం మార్కుల్లో ఉంది. లెర్నర్ టెస్ట్‌లో 15 చిన్న తప్పుల వరకు పాస్. ఇక్కడ ఆరే. ఒక్క సీరియస్ తప్పు పడినా ఫెయిల్. గంటసేపు ఆరు తప్పుల్లో ఉండాలంటే అద్దాలు చూడటం అలవాటుగా కాదు, కారణంతో జరగాలి. సైకిల్‌ను దాటబోతున్నారనుకోండి: లోపలి అద్దం, కుడి అద్దం చూసి, ఎదురుగా వచ్చే బండిని గమనించి, సైకిల్‌కు తగినంత ఎడం ఇచ్చేంత చోటు ఉందో లేదో తేల్చుకుని, అప్పుడు స్టీరింగ్ కదలాలి. చోటు లేకపోతే వెనకే ఆగాలి. మనలో చాలామంది ముందు స్టీరింగ్ తిప్పి తర్వాత అద్దం చూస్తాం. ఎగ్జామినర్‌కు అది వెంటనే తెలిసిపోతుంది.

దీనికి నేను అందరికీ చెప్పే సాధన ఒకటుంది. నడుపుతూ చూసిందీ, చేయబోయేదీ పైకి చెప్పండి, తెలుగులోనే. "ముందు బస్సు ఆగింది, మనుషులు దిగుతున్నారు, అద్దం చూశా, వేగం తగ్గిస్తున్నా." నోరు ఎక్కడ తడబడితే అక్కడ మన చూపు ఆలస్యమైందని అర్థం. స్కూళ్ల దగ్గర, రౌండబౌట్ల దగ్గర, డ్యూయల్ క్యారేజ్‌వే (మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు) మీద ఇలా చేస్తే లోపాలు ఒక్కొక్కటే బయటపడతాయి. గంటకు 20 మైళ్ల వేగపరిమితి ఉన్న రోడ్డులో 24కు జారిపోవడం, క్లచ్ నొక్కిపెట్టి జంక్షన్ దాకా దొర్లించడం, బయల్దేరేటప్పుడు భుజం మీదుగా బ్లైండ్ స్పాట్ చూడకపోవడం మనలో ఎక్కువగా కనిపించేవి. ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణనిచ్చే ట్రైనర్‌తో, ఆర్డిట్ రిజిస్టర్‌లో (ఇలాంటి ట్రైనర్ల అధికారిక జాబితా) ఉన్నవాళ్లయితే మరీ మంచిది, మాక్ టెస్టులు పెట్టించుకుని తప్పులు ఆరులోపు వరుసగా వస్తున్నాయని తేలాకే తేదీ ఖాయం చేసుకోండి.

పాసయ్యాక నేరుగా పార్ట్ 3 బుక్ చేసుకోవచ్చు. లేదా 40 గంటల శిక్షణ పూర్తి చేసి, ఆరు నెలల ట్రైనీ లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, అది ఉంటే రిజిస్టర్‌లో పేరు ఎక్కకముందే డబ్బు తీసుకుని నేర్పుతూ పార్ట్ 3కి తయారవ్వొచ్చు. ఏ దారి పట్టినా పార్ట్ 1 పాసైన తేదీ నుంచి రెండేళ్లలోపు పార్ట్ 3 బుక్ అయిపోవాలి.