బీజీయ భిన్నాల తీసివేతలో బ్రాకెట్ వదలొద్దు

4/(ఎక్స్²−4) − 1/(ఎక్స్−2) చేయాలంటే రెండు హారాలనీ గుడ్డిగా గుణించేయకండి, లెక్క ఊరికే పెరుగుతుంది. ముందు కారణాంకాలుగా విడగొట్టండి. ఎక్స్²−4 అంటే (ఎక్స్−2)(ఎక్స్+2), రెండు హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కూడా అదే. రెండో భిన్నానికి తక్కువైంది (ఎక్స్+2) ఒక్కటే కాబట్టి దాన్ని మాత్రం పైనా కిందా (ఎక్స్+2)తో గుణిస్తే చాలు.

మార్కులు పోయేది ఇక్కడే. లవం 4−(ఎక్స్+2). బ్రాకెట్ పెట్టకపోతే 4−ఎక్స్+2 అయిపోయి 6−ఎక్స్ వస్తుంది, ఇక కొట్టేయడానికి ఏమీ మిగలదు. సరైన లవం 2−ఎక్స్, అంటే −(ఎక్స్−2). కింది (ఎక్స్−2)తో కొట్టేస్తే జవాబు −1/(ఎక్స్+2). ఆ మైనస్‌ను మింగేసేవాళ్లే ఎక్కువ.

ఎక్స్ విలువ 2, −2 అయితే హారం సున్నా అవుతుంది, కాబట్టి అవి కాకూడదని ముందే పక్కన రాసుకోండి. కొట్టేశాక 2 సంగతి జవాబులో కనిపించదు. అనుమానముంటే ఎక్స్=3 వేయండి: లెక్కలో 4/5−1, జవాబులో −1/5, రెండూ ఒకటే.