విండోస్ అప్‌డేట్ ఫెయిలైందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

అప్‌డేట్ సగంలో ఆగిపోయిందని సీపీయూ పట్టుకుని షాపుకి వెళ్తే, అమలాపురమైనా భీమవరమైనా ముందు వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దామండీ". చాలాసార్లు అంత అవసరం ఉండదు. నేను చూసినంతలో మన వైపు ఇళ్ళల్లో గొడవ విండోస్‌ది కాదు. కరెంటుదో, నెట్‌దో, నిండిపోయిన సి డ్రైవ్‌దో అయి ఉంటుంది.

డౌన్‌లోడ్ శాతం కదలడం లేదు

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుపుతున్నారా? రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ అయితే పెద్ద అప్‌డేట్ సగం దిగేసరికే డేటా అయిపోతుంది, ఆ తర్వాత నత్తనడకే. ఆ కనెక్షన్‌కి 'మీటర్డ్' (డేటా పొదుపుగా వాడమని చెప్పే) మీట ఆన్‌లో ఉంటే విండోస్ చాలా అప్‌డేట్లని తనంతట తాను దించుకోదు కూడా. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేరు నొక్కితే ఆ మీట కనిపిస్తుంది. మొహమాటపడకుండా పక్కింటివాళ్ళ ఫైబర్ వైఫై ఒక రాత్రి అడగండి.

మంచి నెట్ ఉన్నా కదలకపోతే సగం దిగిన ఫైళ్ళు పాడై ఉండొచ్చు. 'సర్వీసెస్' తెరిచి 'విండోస్ అప్‌డేట్'ని స్టాప్ చేయండి. సి డ్రైవ్, విండోస్, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్లు వరసగా తెరిచి, అక్కడున్న 'డౌన్‌లోడ్'లోవన్నీ తీసేసి రీస్టార్ట్ చేయండి. అందులో మీ సొంత ఫైళ్ళేవీ ఉండవు.

80072ఎఫ్8ఎఫ్ ఎర్రర్ కోడ్, లేదా గడియారంలో పాత సంవత్సరం

ఉరుములు మొదలవగానే ప్లగ్ పీకేయడం మన ఇళ్ళల్లో అలవాటు. మంచి అలవాటే, మానొద్దు. కాకపోతే ప్లగ్ ఉన్నంతసేపూ మదర్‌బోర్డు గడియారానికి కరెంటు అందుతుంది. పీకేశాక భారమంతా రూపాయి బిళ్ళంత బ్యాటరీ మీదే. పాత డెస్క్‌టాప్‌లో అది అయిపోతే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే అప్‌డేట్ సర్వర్ చూపించే సర్టిఫికెట్‌ని (అది అసలైనదేనని చెప్పే డిజిటల్ గుర్తింపుని) కంప్యూటర్ నమ్మదు. బ్రౌజర్‌లో బ్యాంకు సైట్లు కూడా తెరుచుకోవు చూడండి, అదే గుర్తు.

తేదీ, సమయం సెట్టింగ్స్‌లో 'సింక్ నౌ' నొక్కితే అప్పటికి సరిపోతుంది. మర్నాడు మళ్ళీ తప్పు తేదీ వస్తే బ్యాటరీ మార్చాల్సిందే. చాలా బోర్డుల్లో ఉండేది సిఆర్2032, 3 వోల్టులది, వాచీల షాపుల్లో అడగండి. ప్లగ్ తీసేశాకే డబ్బా విప్పండి. పాతది ఏ వైపు పైకి ఉందో కొత్తదీ అలాగే పెట్టండి.

80070070 కోడ్

సి డ్రైవ్‌లో చోటు లేదు. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ వరసగా తెరిచి అక్కర్లేనివి తీసేయండి. అక్కడ 'డౌన్‌లోడ్స్'కి మాత్రం చూడకుండా టిక్ పెట్టకండి. దుబాయ్ నుంచి అబ్బాయి పంపిన ఫొటోలు, చెల్లెలి పెళ్ళి వీడియో అక్కడే ఉండొచ్చు. ముందు వాటిని వేరే డ్రైవ్‌కి మార్చండి.

'అన్‌డూయింగ్ చేంజెస్' అని తిరుగుతూనే ఉంది

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే వచ్చే తంటా ఇది. పాత హార్డ్ డిస్క్ అయితే గంట దాటినా ఆశ్చర్యం లేదు. డబ్బా మీద డిస్క్ లైటు మినుకుమంటున్నంతసేపు టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి. లైటు ఆరిపోయి గంటల తరబడి అదే తెర ఉంటే అప్పుడు నొక్కి పట్టుకుని ఆపండి.

ఆన్ చేసినప్పుడు వరసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే విండోస్ తనే రిపేర్ తెర తెస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ దాకా వెళ్ళి చివరి క్వాలిటీ అప్‌డేట్ (నెలనెలా వచ్చే మామూలు అప్‌డేట్) తీసేయండి. 48 అంకెల బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) కీ అడిగితే కంగారొద్దు. చాలామందికి అది వాళ్ళ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు.

"ఇన్వర్టర్ ఉందిగా, ఎందుకు ఆగింది?" అంటారు. కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులోనే డెస్క్‌టాప్ ఆరిపోతుంది. కొన్ని ఇన్వర్టర్లకి 'యూపీఎస్' మోడ్ మీట ఉంటుంది, దాన్ని ఆ వైపు పెడితే చాలావరకు తగ్గుతుంది. తుపాను హెచ్చరిక ఉన్న వారమైతే అప్‌డేట్‌కి 'పాజ్' కొట్టేయడమే మేలు.

80073712 కోడ్

విండోస్ సొంత ఫైళ్ళే చెడాయి. కమాండ్లు కొట్టమని చెప్పేవాళ్ళున్నారు గానీ, కొత్త విండోస్ 11 వెర్షన్లలో సులువు దారి ఉంది. సిస్టమ్, రికవరీలో 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్' నొక్కితే ఫైళ్ళూ, యాప్‌లూ, సెట్టింగ్‌లూ అలాగే ఉంచి విండోస్‌ని మళ్ళీ వేస్తుంది. ఫార్మాట్‌కి బదులు అడగాల్సింది ఇదే.

ఎర్రర్ లేదు, అప్‌డేట్లూ లేవు

విండోస్ 10 అయితే అది రిపేరు చేయాల్సిన సమస్య కాదు. దానికి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11కి మారాలంటే టీపీఎమ్ 2.0 (కంప్యూటర్ భద్రత చూసే చిప్) కావాలి. మీ సిస్టమ్ పనికొస్తుందో లేదో మైక్రోసాఫ్ట్ వాళ్ళ 'పీసీ హెల్త్ చెక్' చెబుతుంది. టీపీఎమ్ లేదని చూపిస్తే వెంటనే కొత్తది కొనేయకండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉందేమో ముందు చూడండి.