ఈ-డిస్ట్రిక్ట్ దరఖాస్తులో ‘అనుమతి లేదు’ అని వస్తే ఏం చేయాలి?

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కుటుంబాలకు నివాస, ఆదాయ, కుల ధ్రువపత్రాలు కావాలంటే ఒడిశా ఈ-డిస్ట్రిక్ట్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఖాతా తెరిచి, సేవను ఎంచుకుని, ఫారం నింపి, పత్రాలు జతచేసి పంపితే అది తహసీల్దారు కార్యాలయానికి చేరుతుంది. చిక్కంతా స్కాన్ చేసిన పత్రాలను జతచేసే దగ్గరే.

‘యాక్సెస్ డినైడ్’ (అనుమతి లేదు) అని కనబడగానే కార్యాలయమే తిరస్కరించిందనుకుని దరఖాస్తు వదిలేసేవారున్నారు. దయచేసి వదలకండి. ఫైలు తెరిచేటప్పుడో, దాచేటప్పుడో (సేవ్ చేసేటప్పుడో) ఆ మాట వచ్చిందంటే చెబుతున్నది మీ ముందున్న కంప్యూటరే; దరఖాస్తు ఇంకా తహసీల్దారు దాకా వెళ్లనే లేదు. పైగా ఫైలును ఎవరు తెరవచ్చో, ఎవరు మార్చవచ్చో చెప్పే అనుమతుల్లో చాలాసార్లు లోపమే ఉండదు.

ముందుగా ఆ ఫైలు మరెక్కడైనా తెరిచి ఉందేమో చూడండి. స్కానర్ ప్రోగ్రామో, పీడీఎఫ్ రీడరో దాన్ని పట్టుకుని ఉండగా అదే పేరుతో మళ్లీ దాచబోతే ఈ మాట రావచ్చు. తొలగించిన ఫైలును కూడా ఏదో ప్రోగ్రాం ఇంకా వదలకపోతే, పేరు కనబడుతుంది గానీ తెరుచుకోదు. అన్నీ మూసేయండి, అప్పటికీ కాకపోతే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయని నా నమ్మకం.

జిప్‌లో (ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టిన మూటలో) వచ్చిన పత్రాలను బయటికి తీసిన తర్వాతే వాడండి. మెమరీ కార్డుకు పక్కన ఉండే చిన్న మీట ‘లాక్’ వైపు ఉంటే దానిలో ఏదీ దాచలేరు. ఫోల్డర్‌లో ఫోల్డర్‌గా పేరు పెరిగిపోయి ఫైలు దారి (పాత్) 260 అక్షరాలు దాటినా కొన్ని ప్రోగ్రాములు తడబడతాయి. డి డ్రైవ్‌లో పొట్టి పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకోండి. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రాం) నుంచి రక్షణ ఆన్‌లో ఉంటే, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో రాయకుండా స్కానర్‌ను అది ఆపవచ్చు. రక్షణ మొత్తం తీసేయకండి, ఆ ఒక్క ప్రోగ్రాంకు అనుమతి ఇస్తే చాలు.

పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ నుంచి తెచ్చిన ఫైళ్లకు మాత్రం నిజంగానే అనుమతుల సమస్య ఉండవచ్చు. తెరుచుకుంటున్నా మార్పులు దాచనివ్వని ఫైలును అదే డ్రైవ్‌లో కట్ చేసి జరిపితే పాత అనుమతులే వెంట వస్తాయి. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ అనుమతులు వర్తిస్తాయి. అందుకే కాపీ చేయండి. అసలు తెరుచుకోకపోతే అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో ఆ ఒక్క ఫోల్డర్ యాజమాన్యం మాత్రమే మార్చుకోండి.

‘ఎవ్రీవన్’కు, అంటే ఆ కంప్యూటర్ వాడే అందరికీ, పూర్తి అధికారం ఇచ్చేయమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. జన సేవా కేంద్రంలో ఒకే కంప్యూటర్‌ను ఊరంతా వాడుతుంది, మీ ఆధార్ ప్రతి అందరికీ తెరిచిపెట్టినట్టవుతుంది. పని ముగిశాక మీ ఫైళ్లను అక్కడి నుంచి, రీసైకిల్ బిన్ నుంచి కూడా తొలగించి, దరఖాస్తు సంఖ్య రాసుకోండి. దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో ఆ సంఖ్యతోనే చూసుకోవాలి.