కొత్త టీచర్లకు, 3వ పాఠం: ఇంటికి చేసే మొదటి ఫోన్

పోయిన పాఠంలో పిల్లల్ని ఇంట్లో ఎలా పిలుస్తారో కనుక్కుని పేర్లు నేర్చుకోమన్నా కదా, చేసే ఉంటారు. ఈసారి ఆ ఇళ్ళకి ఫోన్ చేయడం. పని ఒక్కటే, జూన్ 12న బడి తెరిచిన దగ్గర్నుంచి నెలాఖరు లోపు మీ క్లాసులో ప్రతి ఇంటికీ ఒక మంచి మాట చేరాలి, కంప్లైంట్ కంటే ముందే చేరాలి.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే, మొదటి ఏడాది నేను దీన్ని తలకిందులుగా చేశా. నాలుగో తరగతి పిల్లాడు వారం నుంచి హోంవర్క్ చేయట్లేదని సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి నాన్నకి చెప్పా, ఆయన అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు, నా మాట పూర్తవకముందే పిల్లాడి వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. వాడు ఏడవలేదు, నా వైపే చూశాడు. నాలుగు రోజులు బడికి రాలేదు, వచ్చాక కూడా నోట్‌బుక్ టేబుల్ మీద పెట్టి దూరం జరిగిపోయేవాడు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదంటుంది, మనసు నొప్పించేలా వేధించకూడదంటుంది. నేను చెయ్యెత్తలేదు, నిజమే, కానీ ఆ దెబ్బ నా మాట వల్లే పడింది.

సరే, పనిలోకి వద్దాం. ముందు నంబర్లు. రిజిస్టర్‌లో ఉన్నవి చాలా వరకు పనిచేయవు, సిమ్ మారిపోయో రీచార్జ్ అయిపోయో ఉంటుంది, అందుకే పిల్లల్నే అడగండి, ఫోన్ ఎవరి దగ్గరుంటుంది, ఎన్నింటికి ఉంటుంది అని. వానలు పడగానే మన ఊళ్ళల్లో పత్తి గింజలు పెట్టే పని మొదలవుతుంది, పొద్దున పోయిన అమ్మలు పొద్దుగూకాక గానీ ఇల్లు చేరరు, ఏడు దాటాక చేయండి. ఫోన్ లేని ఇంటికి నడిచి వెళ్ళడమే.

బడి నుంచి ఫోన్ అంటేనే ఇంట్లోవాళ్ళకి గుండె దడ, కాబట్టి ఆ భయం పోగొట్టే మాటే ముందు రావాలి.

“అమ్మా నమస్తే, బడి నుంచి టీచర్‌ని. కంగారేం లేదు, మంచి ముచ్చట చెప్దామని చేసిన.”

“మా పోరి ఏమన్న చేసిందా మేడం?”

“ఇయ్యాల అన్నం తినేటప్పుడు ఒకటో తరగతి పిల్ల ప్లేటు జారి కిందపడ్డది. మీ బిడ్డ తన గుడ్డు సగం తుంచి ఆ పిల్లకిచ్చింది. ఎవ్వరూ చెప్పలే, తనే ఇచ్చింది.”

అవతల కాసేపు మాట రాదు. అప్పుడు మీరు గబగబా మాట్లాడకండి, ఆగండి. ఆ అమ్మే మొదలుపెడుతుంది, పిల్లకి చెవి నొప్పి ఉందనో, నాన్న పనికోసం హైదరాబాద్ పోయినప్పటి నుంచి రాత్రిళ్ళు నిద్రపోవట్లేదనో, ఏ రిజిస్టర్‌లోనూ దొరకని సంగతులు అవన్నీ.

“మంచి పిల్ల, బాగా చదువుతుంది” అంటే సరిపోదు, అది ఎవరైనా అంటారు. మీరు కళ్ళారా చూసిందే చెప్పాలి, చివర్లో “గానీ” తగిలించొద్దు. బాగుంది గానీ లెక్కల్లో వెనకబడింది అన్నారంటే ఇంట్లో మిగిలేది ఆ గానీ తర్వాతి మాటే.

అభ్యాసం: రోజూ భోజనం బెల్ అయ్యాక ఇద్దరు పిల్లల పేర్లు రాసి, ఆ రోజు చూసిన ఒక్క సంగతి పక్కన రాయండి, సాయంత్రం ఆ రెండు ఇళ్ళకి చేయండి. 24 మంది ఉంటే 12 రోజుల్లో అయిపోతుంది. కొన్ని పేర్ల పక్కన ఎన్ని రోజులైనా ఏమీ రాయలేం, అంటే ఆ పిల్లల్ని మనం ఇంకా చూడనే లేదు. మర్నాడు అన్నం వాళ్ళ పక్కన కూర్చునే తినండి.

4వ పాఠంలో, నిజంగానే ఒక కంప్లైంట్ చెప్పాల్సి వస్తే దాన్ని పిల్లాడి ఎదుట, వాడికి ముందే చెప్పి, ఎలా చెప్పాలో చూద్దాం. ఆలోపు రేపటి రెండు పేర్లు రాసుకోండి.