మురుజుగా శిలాచిత్రాలు చూడబోయే ముందు జాగ్రత్తలు

పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఈ తీరం 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడి మూలవాసులకు ఇది పూర్వీకుల నేల, వాళ్లు దీన్ని ఇప్పటికీ కాపాడుకుంటున్నారు.

• న్గజార్లీ లోయలో నడక బాట మీంచి కిందకు దిగకండి. చిత్రాలు గోడల మీద వరుసగా ఉండవు. ఎర్రటి బండల గుట్టల్లో అక్కడొక తాబేలు, ఇక్కడొక కంగారూ. నల్లబడిన పైపొరను రాయితో కొట్టి చెక్కిన గీతలవి. చేతితో తాకకండి, సుద్దతో దిద్దకండి, నీళ్లు చల్లకండి. బాగా కనిపించాలంటే పొద్దున్నే లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో వెళ్లండి.

• ఇసుకలో పాత గవ్వల గుట్ట కనిపిస్తే అది తరాల తరబడి మనుషులు తిని వదిలినది కావచ్చు. తొక్కకండి. ఒక్క గవ్వ కూడా జేబులో వేసుకోకండి, పిల్లలకు ముందే చెప్పండి.

• ఫొటో వద్దన్న బోర్డు ఉంటే ఫోను లోపల పెట్టండి. కొన్ని చోట్లు అందరూ చూడదగినవి కావు. కారణం అడిగి విసిగించకండి.

• 1868లో ఇక్కడ మూలవాసులైన యబురారా ప్రజల ఊచకోత జరిగింది. కేరింతలు, రీల్స్ మానండి.

• వీలైతే మూలవాసుల గైడుతోనే వెళ్లండి.

• నీళ్లు, టోపీ. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.