ర్యామ్ పోయిందా, స్లాట్ పోయిందా? కొత్తది కొనేముందు తేల్చుకోండి

బ్లూ స్క్రీన్ వస్తే చాలు, "ర్యామ్ పోయింది, కొత్తది వేయండి" అనేస్తారు. వేయించిన వారానికే మళ్లీ బ్లూ స్క్రీన్. స్టిక్ (ర్యామ్ పట్టీ) బాగానే ఉండి, తప్పంతా స్లాట్‌దైన (మదర్‌బోర్డు మీద స్టిక్ కూర్చునే గాడిదైన) డెస్క్‌టాప్‌లు నా చేతికి చాలానే వచ్చాయి.

తేలేదాకా ముఖ్యమైన ఫైళ్లేవీ కాపీ చేయొద్దు. ర్యామ్‌లో తప్పు పడితే అదే తప్పు డిస్క్‌లోకీ ఎక్కుతుంది.

ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86+ ఎక్కించండి, ఉచితమే. బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీని, అంటే ర్యామ్‌ను మామూలుకంటే వేగంగా నడిపే సెట్టింగ్‌ను ఆపేసి, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. విండోస్‌తో వచ్చే మెమరీ పరీక్షతో సరిపెట్టుకోవద్దు, అది చాలాసార్లు తప్పును పట్టుకోదు. ఉన్న స్టిక్‌లన్నీ ఉన్నట్టే ఉంచి ఒకసారి నడపండి. ఎర్రర్ కనిపిస్తే కరెంటు వైరు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుము తాకి, స్టిక్‌లు తీయండి. బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులపండి. గరుకు కాగితం మాత్రం వద్దు.

అందరూ తప్పు చేసేది ఇక్కడినుంచే. శుభ్రం చేసిన స్టిక్‌లన్నీ ఒకేసారి పెట్టేస్తారు. అలా చేస్తే ఏది పాడైందో ఎప్పటికీ తెలియదు. స్టిక్‌ల మీద మార్కర్‌తో 1, 2 అని రాయండి. ఒంటి స్టిక్‌కు ఏ స్లాట్ వాడాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కువ బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి రెండోది. ముందు 1 ఒక్కటే అందులో పెట్టండి. గాటు సరిచూసుకుని, క్లిప్ టక్కుమని పడేదాకా రెండు చివర్లా సమంగా నొక్కండి. దాంతో మెమ్‌టెస్ట్ నడిపి, అది పూర్తయ్యాక, అదే స్లాట్‌లో 2 పెట్టి నడపండి.

ఒక్క పాస్, అంటే పరీక్షల మొత్తం ఒక్క చుట్టు, చూసి లేవొద్దు. రాత్రంతా నడవాలి, నాలుగు పాస్‌లకు తగ్గకూడదు. ఈమధ్య ఒక మెషీన్‌లో రెండు పాస్‌లు శుభ్రంగా నడిచి, మూడోదాంట్లో ఎర్రర్‌ను చూపే ఎర్ర గీత ఒకే ఒక్కటి వచ్చింది. ఒక్కటే కదా అని వదలొద్దు. ఎర్రర్లు సున్నా అయితేనే బాగున్నట్టు.

ఒక స్టిక్‌కే ఎర్రర్ వస్తే దాన్ని ఇంకో స్లాట్‌లోనూ చూడండి; అక్కడా వస్తే స్టిక్ పోయినట్టే. రెండింటికీ వస్తే రెండూ ఒకేసారి పోవడం అరుదు కాబట్టి స్లాట్ మార్చి చూడండి. అక్కడ శుభ్రంగా నడిస్తే తప్పు పాత స్లాట్‌ది. ఎక్కడ పెట్టినా ఎర్రర్లే అయితే ప్రాసెసర్‌నో బోర్డునో అనుమానించాలి. అప్పుడు ర్యామ్ కొనడం డబ్బు దండగ.

పోయిన స్టిక్‌కు వారంటీ ఉందేమో చూడండి, చాలా బ్రాండ్లకు ఏళ్ల తరబడి ఉంటుంది. ఎర్ర గీత ఫోటో తీసి ఉంచుకోండి. బాగున్నవన్నీ పెట్టి, ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చేసి, ఇంకో రాత్రి నడపండి. ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే ఎర్రర్ వస్తే స్టిక్‌ను పారేయకుండా, ఎక్స్‌ఎంపీ ఆపేసి వాడుకోండి.